వయసుల పట్టిక ఇలా ఇవ్వండి
భారత రిజిస్ట్రార్ జనరల్, జనాభా లెక్కల కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2027 మార్చి 1 తొలి క్షణాన్ని ప్రాతిపదికగా పెట్టుకున్న జనగణన పదహారేళ్ళ విరామం తర్వాత వస్తున్నది. ఆ అంకెలు విడుదలైన రోజు పార్టీలు కులాల లెక్క చూస్తాయి, రాష్ట్రాలు సీట్ల లెక్క చూసుకుంటాయి. ఆ సంగతులు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను రాస్తున్నది వయసుల పట్టిక గురించి. అంగన్‌వాడీలు, టీచర్ పోస్టులు, ఆస్పత్రి పడకలు, పింఛన్లు, బీమా ప్రీమియం, ఆఖరికి ఫలానా వీధిలో బీపీ మందులు ఎక్కువ పెట్టుకోవాలా పిల్లల డైపర్లు ఎక్కువ పెట్టుకోవాలా అని లెక్కలేసుకునే దుకాణాల గొలుసుల దాకా ఆ పట్టిక మీదే నడుస్తాయి. కానీ దాన్ని పట్టికగా చదివే ఓపిక ఎవరికీ లేదు. బొమ్మగా చూస్తారు. ఆ బొమ్మలు గీసే ఉద్యోగం నాది.

బొమ్మ సంగతి మీకు చెప్పనక్కర్లేదు గానీ ఈ లేఖ చదివే మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. దీన్ని జనాభా పిరమిడ్ అంటారు. నడుమ నిలువు గీత. దానికి ఎడమ పక్క మగవాళ్ళు, కుడి పక్క ఆడవాళ్ళు. అడుగున పసిపిల్లలు, పైకి పోయేకొద్దీ పెద్దవాళ్ళు. అమెరికాలో 1870 జనగణన నడిపించిన ఫ్రాన్సిస్ వాకర్ 1874లో తెచ్చిన గణాంక అట్లాసులో ఇలాంటివి అచ్చయ్యాయి. నూటయాభై ఏళ్ళు దాటింది. అయినా చార్టులు గీసే సాఫ్ట్‌వేర్ పవర్ బీఐ తెరిస్తే మామూలుగా కనిపించే చార్టుల్లో ఇది లేదు, అలాంటిదే అయిన టాబ్లోలో 'షో మీ' పలకలోనూ లేదు. ఎవరి పిరమిడ్ వాళ్ళు కట్టుకోవలసిందే. కట్టేటప్పుడు అడుగడుగునా ఏదో ఒకటి తేల్చుకోవాలి. అలా తేల్చుకున్నవి చూసేవాళ్ళకు కనపడవు. కలెక్టరు గారి సమావేశంలో గోడ మీది తెర వైపు చూసే వాళ్ళకు బార్లు కనపడతాయి, బార్ల వెనక ఎవరో కుర్రాడు ఓ సాయంత్రం తీసుకున్న నిర్ణయం కనపడదు.

అన్నిటికంటే ఎక్కువగా వాడే చిట్కా ఇది. మగవాళ్ళ సంఖ్యను మైనస్ ఒకటితో హెచ్చిస్తారు. బార్లు ఎడమకు తిరుగుతాయి. తర్వాత అంకెల ఫార్మాట్ మార్చి మైనస్ గుర్తు కనపడకుండా చేస్తారు. బొమ్మ ముచ్చటగా వస్తుంది. ఇప్పుడు అదే లెక్కను పైనున్న 'మొత్తం జనాభా' అనే గడిలోనూ వాడారనుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో స్త్రీలు 4,21,38,631, పురుషులు 4,24,42,146. కూడితే 8,45,80,777 రావాలి. ఇక్కడ కూడిక జరగదు, తీసివేత జరుగుతుంది. మైనస్ 3,03,515 వస్తుంది. మైనస్‌ను ముందే దాచేశాం కాబట్టి తెర మీద ఎనిమిదిన్నర కోట్ల రాష్ట్రం మూడు లక్షల మందితో నిక్షేపంగా కూర్చుని ఉంటుంది. రాష్ట్రమైతే ఎవరో ఒకరు పట్టుకుంటారు. గ్రామాల జాబితాలో ఒక ఊరి ఎదురుగా 212 అని ఉంటే చిన్న ఊరేమో అనుకుని కిందికి జరిగిపోతారు. తెలిసినవాళ్ళు చేసే పని వేరు: అసలు సంఖ్యను ముట్టుకోకుండా ఉంచి, గీయడానికి మాత్రం విడిగా మరో లెక్క రాసుకుంటారు. బార్ మీద మౌస్ పెడితే కనిపించేది కూడా అసలు సంఖ్యే అయి ఉండాలి.

టాబ్లోలో మైనస్ గొడవ లేకుండానే కానివ్వచ్చు. రెండు చార్టులు పక్కపక్కన పెట్టి ఎడమదాని అక్షాన్ని తిరగేస్తే సరి. అయితే అక్కడ ఏ అక్షం స్కేలు దానిదే. తన పక్కనున్న అతి పెద్ద బార్‌కు తగ్గట్టు అది సాగుతుంది. 2011లో నిజామాబాద్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్ళకు 1,040 మంది ఆడవాళ్ళున్నారు. గల్ఫ్ వలసలు తెలిసినవాళ్ళకు ఆ జిల్లా బొమ్మలో ఏ వయసు దగ్గర ఎడమ పక్క నొక్కుకుపోతుందో చూడాలని ఉంటుంది. రెండు అక్షాలకూ ఒకటే హద్దు పెట్టకపోతే ఆ నొక్కు పలచబడిపోయి రెండు పక్కలూ సరిసమానంగా నిండుగా కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు, అక్షం కింద అంకెలు సరిగ్గానే ఉన్నాయి. కానీ పిరమిడ్‌లో అక్షం అంకెలు చదివేవాళ్ళు ఎందరు?

శాతాల్లో ఇంకో తిరకాసు. ఒక్కో బార్‌ను దేనిలో శాతంగా చూపాలి? మొత్తం జనాభాలోనా, ఆ పక్క జనాభాలోనా? 2011లో దేశంలో పురుషులు 62,32,70,258, స్త్రీలు 58,75,84,719. మూడున్నర కోట్లకు పైగా తేడా. మగవాళ్ళ బార్లను మగవాళ్ళలో శాతంగా, ఆడవాళ్ళవి ఆడవాళ్ళలో శాతంగా గీస్తే రెండు పక్కలా నూటికి నూరు వస్తుంది. మూడున్నర కోట్ల లోటు ఒక్క భాగహారంతో మాయం. ఆడపిల్లల నిష్పత్తి మీద పెట్టిన సమావేశంలో ఇలాంటి బొమ్మ వేస్తే దాన్ని అజ్ఞానం అనాలో ఇంకేమైనా అనాలో నాకు తెలియదు. హారం ఏమిటో బొమ్మ కిందే రాసి ఉండాలి.

ఇంతవరకూ మా తప్పులు. వాటికి మీ బాధ్యత లేదు. ఇక మీ కార్యాలయం దగ్గరికి వస్తాను.

2011 వయసుల పట్టికలు రెండు. సీ-13లో ఒక్కో ఏడు వయసు విడివిడిగా, సీ-14లో ఐదేళ్ళ గుంపులుగా. విషయం చూస్తే రెండూ బంగారం. రూపం చూస్తే రెండూ కాగితం మీద అచ్చేయడానికి తయారైనవి. పైన శీర్షికలు అంతస్తులుగా ఉంటాయి: మొత్తం, గ్రామీణం, పట్టణం, ఒక్కోదాని కింద మళ్ళీ వ్యక్తులు, పురుషులు, స్త్రీలు. వయసుల వరుసల నెత్తిన 'అన్ని వయసులు' అని ఇంకో వరుస. రాష్ట్రం మొత్తం, దాని కిందే జిల్లాలు, అన్నీ ఒకే షీటులో. కంటితో చూసేవాడికి ఇది సౌకర్యమే. పవర్ బీఐకి అప్పగిస్తే మాత్రం అది కనపడిందల్లా కూడేస్తుంది. వయసులన్నిటితో పాటు 'అన్ని వయసులు' కూడితే జనాభా రెట్టింపు, రాష్ట్రంతో పాటు జిల్లాలు కూడితే ఇంకో రెట్టింపు. ప్రతి ఒక్కరూ మొదట ఈ పట్టికను విప్పి, నిలువుగా పేర్చి, మొత్తాల వరుసలు తీసేసి మళ్ళీ కుట్టుకోవాలి. దేశమంతటా ఎన్ని కార్యాలయాల్లో ఎంతమంది ఇదే కుట్టుపని మళ్ళీ మళ్ళీ చేశారో లెక్కేస్తే అదో జనగణన అవుతుంది.

ఆ కుట్టుపనిలో జరిగే వింత ఒకటి చెప్తాను. ఐదేళ్ళ గుంపుల పేర్లు 0-4, 5-9, 10-14 అని ఉంటాయి కదా. పట్టికను సీఎస్‌వీగా మార్చి ఎక్సెల్‌లో తెరవండి. 0-4 అలాగే ఉంటుంది. 15-19 నుంచి పైవన్నీ అలాగే ఉంటాయి. 5-9 మాత్రం తేదీ అయిపోతుంది. కంప్యూటర్‌లో భారతీయ తేదీల పద్ధతి ఉంటే సెప్టెంబరు 5, అమెరికా పద్ధతి ఉంటే మే 9. 10-14 అక్టోబరులోకి పోతుంది. దేశంలోని బడి పిల్లలు రెండు బార్ల నిండా ఉన్నవాళ్ళు పిరమిడ్‌లోంచి లేచి క్యాలెండర్‌లోకి వెళ్ళిపోతారు, అందులో ఒక బార్ సరిగ్గా ఉపాధ్యాయ దినోత్సవానికి. తేదీ బెడద తప్పించుకున్నా వరుస బెడద ఉంది. సాఫ్ట్‌వేర్ ఈ పేర్లను అక్షరాలుగా పేరుస్తుంది కాబట్టి 5-9 వచ్చి 45-49కీ 50-54కీ మధ్య ఇరుక్కుంటుంది. ఒక్కో వయసు గుంపుకూ మొదటి వయసు, చివరి వయసు, వరుస సంఖ్య అని మూడు కాలమ్‌లు మీ ఫైలులోనే ఉంటే ఈ రెండు బాధలూ ఉండవు. మూడే మూడు కాలమ్‌లు.

ఐదేళ్ళ గుంపులు చాలవా, ఒక్కో ఏడూ ఎందుకు అని మీ అధికారులే కొందరు అడగవచ్చు. జపాన్ పిరమిడ్ చూడమంటాను. అరవై ఏళ్ళ చక్రం వాళ్ళకూ ఉంది. 1966 వాళ్ళ లెక్కలో 'హినోయె ఉమా' సంవత్సరం, మనకు పరాభవ. ఆ ఏట పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగుతుందని అక్కడో మూఢనమ్మకం. 1965లో 18.2 లక్షల మంది పుట్టిన దేశంలో 1966లో 13.6 లక్షల మందే పుట్టారు. మరుసటి ఏడు మళ్ళీ 19.4 లక్షలు. ఒక్కో ఏడు విడిగా గీసిన పిరమిడ్‌లో అది కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. ఐదేళ్ళ గుంపులో ఆ కోత చుట్టూ ఉన్న నాలుగేళ్ళలో కలిసిపోతుంది. 2020, 2021 కరోనా ఏళ్ళలో మన దగ్గర పుట్టుకలు ఏ జిల్లాలో ఎలా కదిలాయో చూడాలంటే 2027లో ఐదారేళ్ళ వయసున్న పిల్లల్ని విడివిడిగా చూడాలి. ఐదేళ్ళవాళ్ళూ ఆరేళ్ళవాళ్ళూ 5-9 గుంపులోకి పోతే ఇక చూసేదేముంది?

విడి వయసుల పట్టికలో మీకు ఇబ్బంది కలిగించేది ఒకటుందని నాకు తెలుసు. సీ-13 తెరిచి 29, 30, 31 వరుసలు పక్కపక్కన చూస్తే చాలు. ముప్ఫై దగ్గర బార్ కొండలా లేస్తుంది. ముప్ఫై అయిదు, నలభై, యాభై, అరవై, అన్నీ అంతే. జనం వయసు రౌండ్ ఫిగర్‌లో చెప్తారు. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు దివిసీమ ఉప్పెనకు ఇంతవాణ్ణి, ఫలానా వాడి పెళ్ళికి ఇంతదాన్ని అని చెప్తే గణకుడు దాన్ని సంవత్సరాల్లోకి మార్చి రాసుకుంటాడు, అదీ సున్నా దగ్గరో అయిదు దగ్గరో ఆగుతుంది. దీన్ని కొలిచే విపుల్ సూచీ ఉంది. 23 నుంచి 62 ఏళ్ళ మధ్య సున్నాతో, అయిదుతో ముగిసే వయసులు చెప్పినవాళ్ళను కూడి, ఆ వయసుల మొత్తంలో అయిదో వంతుతో పోల్చడమే. వంద వస్తే రౌండ్ ఫిగర్ల మోజు లేనట్టు, అందరూ సున్నాలూ అయిదులే చెప్తే 500. ఐక్యరాజ్యసమితి లెక్కన 105 లోపైతే చాలా కచ్చితం, 175 దాటితే మరీ నాసిరకం.

రౌండ్ ఫిగర్ల దగ్గర ఇలా పొడుచుకొచ్చే ముళ్ళు బాగుండవని కొందరు పట్టికను నున్నగా చేసి గీస్తారు. నున్నగా చేయడం తప్పు కాదు. చెప్పకుండా చేయడం తప్పు. మీరు మాత్రం ముళ్ళతో సహా ఇవ్వండి. ఏ జిల్లాలో ముళ్ళు ఎక్కువో అదే ఒక సమాచారం: చదువు ఎంతవరకు చేరింది, పుట్టిన తేదీ కాగితాలు ఎంతమందికి ఉన్నాయి, గణకులు ఎంత ఓపిగ్గా అడిగారు, అన్నీ అందులో ఉన్నాయి. ఈసారి ఫోనులో నింపుతున్నారు కాబట్టి పుట్టిన తేదీ ఎక్కువగా పడుతుందనీ ముళ్ళు తగ్గుతాయనీ ఆశ. తగ్గుతాయేమో గానీ ఇంకోచోట మొలుస్తాయని నా అనుమానం. బళ్ళో చేర్చుకునేటప్పుడు హెడ్మాస్టరు గారు జూన్‌లోనో జూలైలోనో వేసేసిన పుట్టినరోజులు మన తరాల నిండా ఉన్నాయి. అసలు తేదీ తెలియనివాళ్ళ కాగితాల్లో జనవరి 1 ఉంటుంది. పుట్టిన నెలల పట్టిక కూడా జాతీయ స్థాయిలోనైనా విడుదల చేస్తే ఆ సంగతి తేలిపోతుంది.

పిరమిడ్ కొన దగ్గర ఇంకో తంటా. కింది బార్లన్నీ ఐదేసి ఏళ్ళవి. పై బార్ 80 దాటిన అందరిదీ. అన్ని బార్లూ ఒకే మందంలో గీస్తాం కాబట్టి పైన చిన్న టోపీ పెట్టినట్టు ఉబ్బుతుంది. జనం ఎక్కువ కాలం బతకడం మొదలయ్యాక ఆ టోపీ పెద్దదవుతుందే తప్ప తగ్గదు. ఆంధ్రప్రదేశ్‌లో సంతాన రేటు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 1.7, తెలంగాణలో 1.8, అదే సర్వేలో బీహార్‌ది 3. మా రెండు రాష్ట్రాలకు ఇక ముఖ్యమైనది కొన భాగమే, అడుగు కాదు. 80 నుంచి 99 వరకు ఐదేళ్ళ గుంపులు విప్పి ఇవ్వండి, నూరు దాటినవాళ్ళను విడిగా చూపండి. 2011లో నూరేళ్ళు దాటామని చెప్పినవాళ్ళు ఆరు లక్షలకు పైనే ఉన్నారు. అందులో ఎంత నిజమో ఎంత రౌండ్ ఫిగరో చూడటానికి కూడా అది విడిగా ఉండాలి. వయసు చెప్పనివాళ్ళ వరుసను చాలామంది చప్పుడు లేకుండా తీసేస్తారు. వాళ్ళూ లక్షల్లోనే ఉన్నారు.

ఇప్పుడు అసలు బాధకు వస్తున్నాను. 2011లో ఇరవైమూడు జిల్లాల ఉమ్మడి రాష్ట్రం. 2014లో రెండు రాష్ట్రాలు. తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు 2022లో 26, ఆ తర్వాత ఇంకా పెరిగాయి. వయసుల పట్టికలు మాత్రం జిల్లా దగ్గర ఆగిపోతాయి. మండలానికి, గ్రామానికి వచ్చేసరికి మీ ప్రాథమిక జనగణన సారాంశంలో ఉన్న వయసు ఒకటే: 0 నుంచి 6 ఏళ్ళ పిల్లలు.

ములుగు జిల్లాకు పిరమిడ్ గీయమని అడిగితే ఏం చేయాలి? ఆ జిల్లా 2011లో చాలావరకు వరంగల్‌లో ఉండేది. మామూలుగా జరిగేది ఏమిటంటే పాత వరంగల్ జిల్లా వయసుల నిష్పత్తిని తీసుకొచ్చి ములుగు మండలాల జనాభాకు అతికించేస్తారు. కాలేజీలు, హాస్టళ్ళు, వైద్య విద్యార్థులతో నిండిన హనుమకొండ వయసులను ఏటూరునాగారం అడవి పల్లెలకు తొడుగుతున్నారన్నమాట. పార్వతీపురం మన్యం జిల్లాకైతే పాత విజయనగరం కొంత, పాత శ్రీకాకుళం కొంత. ఇలా గీసిన బొమ్మను మండలాల 0-6 సంఖ్యలు కూడి ఒక్కసారి సరిచూస్తే అడుగు బార్ల దగ్గరే తేడా బయటపడుతుంది. ఆ సరిచూసుకోవడం కూడా చాలామంది చేయరు, ఎందుకంటే బొమ్మ చూడ్డానికి బానే ఉంటుంది. ఆ బొమ్మను చూసే గిరిజన సంక్షేమ హాస్టళ్ళలో సీట్లు ఎన్ని కావాలో మాట్లాడతారు.

తెలంగాణ జనాభా ఎంత అన్న ప్రశ్నకే రెండు జవాబులు తిరుగుతున్నాయి. పది జిల్లాలను యథాతథంగా కూడితే 3,51,93,978. పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాక 3,50,03,674. తేడా 1,90,304 మంది. ఒక డ్యాష్‌బోర్డులో తెలంగాణకు మొదటి అంకె, ఆంధ్రప్రదేశ్‌కు పెరిగిన 4,95,77,103 వాడితే ఆ లక్షా తొంభై వేల మంది రెండు రాష్ట్రాల్లోనూ ఉంటారు. ముంపు మండలాల జనానికి ఒక ఊరే నిలవని పరిస్థితిలో రెండు రాష్ట్రాల్లో ఉనికి!

కాబట్టి నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఒక్కో ఏడు వయసు, స్త్రీ పురుషుల వారీగా, జిల్లా స్థాయిలో. ఐదేళ్ళ గుంపులు మండల స్థాయిలో. గ్రామ స్థాయిలో విడి వయసులు అడగను. చిన్న ఊళ్ళో తొంభై మూడేళ్ళ స్త్రీ అంటే ఒక్కరే ఉంటారు, పట్టికలో ఆమె గడి ఆమె ఇంటి చిరునామా అయిపోతుంది. ప్రతి వరుసకూ మీ కోడ్‌తో పాటు పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ వారి స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ కోడ్ కూడా ఉంటే రేపు ఇంకో పది జిల్లాలు పుట్టినా మండలాలను కూడుకుని మా బొమ్మ మేం సరిచేసుకుంటాం. మొత్తాల వరుసలు వేరే ఫైలులో పెట్టండి.

2025 డిసెంబరు 12న కేంద్ర మంత్రివర్గ నిర్ణయాన్ని ప్రకటించినప్పుడు, జనగణన వివరాలను యంత్రాలు చదవగలిగే శుభ్రమైన రూపంలో మంత్రిత్వ శాఖలకు అందిస్తామన్నారు. మంచి మాట. మంత్రిత్వ శాఖలకు ఇచ్చే ఆ ఫైలే అదే రోజు జనానికీ ఇవ్వండి. ఏలూరులో డిగ్రీ చదివే పిల్ల, ఆదిలాబాద్‌లో విలేకరి, డల్లాస్‌లో కూర్చుని సొంత మండలం గురించి ఆరా తీసే తెలుగువాడు, అందరికీ పనికొస్తుంది. మీరే డ్యాష్‌బోర్డులు పెడతామంటే సంతోషం. పిరమిడ్ కోసం బయటివాళ్ళు తయారుచేసిన కస్టమ్ విజువల్ వాడేటట్టైతే మైక్రోసాఫ్ట్ ధ్రువీకరించిన దాన్నే వాడమని మీ సాంకేతిక సిబ్బందికి చెప్పండి. ధ్రువీకరణ పొందినవి బయటి సర్వర్లతో మాట్లాడవు, మిగతావాటికి ఆ హామీ లేదు. నావరకు మీ బొమ్మకంటే మీ ఫైలే ముఖ్యం.

ఇంకొక్కటి. 2020లో జాతీయ జనాభా కమిషన్ సాంకేతిక బృందం 2036 వరకు అంచనాలు ఇచ్చింది. ఇన్నేళ్ళూ వాటితోనే బండి నడిచింది, తప్పులేదు. కానీ లెక్కపెట్టిన 2011కూ అంచనా వేసిన 2021కీ ఒకే రంగు వేసిన బొమ్మలు ప్రభుత్వ నివేదికల్లోనే చూస్తున్నాం. కొత్త లెక్క వచ్చాక ఆ పాత అంచనా ఏ వయసు దగ్గర ఎంత తప్పిందో మీరే ఒక పట్టిక వేసి విడుదల చేయండి. వచ్చే అంచనాలను ఎంతవరకు నమ్మాలో జనానికి అర్థమవుతుంది.

2011 సీ-13 పట్టిక ఇప్పటికీ నా కంప్యూటర్‌లో తెరిచే ఉంటుంది, వేరే గతి లేక. 2027 పట్టిక ఏ రూపంలో విడుదల చేయాలో మీ కార్యాలయం ఇంకా తేల్చి ఉండకపోతే, ఫైలు నమూనా ఒకటి ముందుగా బయట పెట్టి అభిప్రాయాలు అడగండి. గీసేవాళ్ళం చాలామందిమి ఉన్నాం, చూసి చెప్తాం.

ఇట్లు,
డ్యాష్‌బోర్డులు తయారుచేసే ఒక ఉద్యోగి,
హైదరాబాద్